పసుప్పచ్చ అంగీ అమ్మిన పొద్దు

“అంగీ యాడ పెట్టినావో చెప్పక్కా. పిల్ల పొద్దన్నుంచి మెతుకు ముట్టలే.”

“యాడా పెట్టలే. అమ్మినా.”

“అమ్మినావా? నేను కొనిచ్చిన అంగీనా?”

“నువ్వు కొనిస్తివి, నేను నెల దినాలు ఉతికితి. ఓడిపోయినోళ్ల అంగీ ఇంట్లో పెట్టుకొని ఏం చేయాలమ్మే, హారతి పట్టాల్నా?”

“పడతాదో పారేస్తాదో అది పిల్ల ఇష్టం. నీ సొమ్మా?”

“నా దండెం మీద ఆరేదంతా నా సొమ్మే.”

“కాలరు లోపల పచ్చదారంతో ‘హ’ అని కుట్టినానే, అది కూడా కనపడలేదా నీకు?”

“కనపడలే. నా కండ్లు నీ కండ్ల మాదిరి ఉండాయా?”

ఇది నాకూ నా చెల్లెలు ఓబులమ్మకూ మొన్న మాపున ప్రొద్దుటూరులో, నా కొడుకింటి నడవలో జరిగిన రగడ. ఓబులమ్మ నాకంటే మూడేండ్లు చిన్న. ఆమెను పులివెందులకు ఇచ్చినారు. పిల్ల అంటే నా మనవరాలు హారిక, ఎనిమిదో తరగతి. దాన్ని సాకింది నేను. నా కొడుకు రమణకు అంగడి, కోడలికి కుట్టుమిషన్ల పని. పిల్లకు పాలు కాచిందీ, పేలు చూసిందీ, బడికి ఆలస్యమైతే వీపున రెండు అంటిచ్చిందీ ఈ చేతులే. ఆ పిల్ల రెండు నెలల నుంచి ఒకటే పాట. పులివెందులలో చిన్నజేజి ఇంటెనక, అంటే ఓబులమ్మ ఇంటెనక, మైదానముందంట, అక్కడ ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిచ్చే మాస్టరున్నాడంట, చిన్నజేజి దగ్గరే ఉండి ఆ ఊరి బడిలోనే చేరుతుందంట. రమణ తెలివైనవాడు, “మా అమ్మ ఊ అంటే నాదేముంది” అని నా నెత్తిన పెట్టినాడు. నేను ఊ అనలే. ఆ నెత్తిమీది బరువుతోనే ఉన్నాను, అంగీ అమ్మిన నాటికి.

ఫుట్‌బాల్ జబ్బు మా వీధికి ఎట్లొచ్చిందో నాకు తెలీదు. కువైట్‌కు పోయి వచ్చినోళ్ల ఇండ్లల్లో మొదలైందని కొందరు, ఫోన్లతో వచ్చిందని కొందరు. ఈసారి ప్రపంచకప్పుకు మాత్రం ఊరు ఊరంతా పట్టింది. మా సందు మలుపులో పసుప్పచ్చ అంగీల బ్రెజిల్ ఆటగాళ్లతో రెండు నిలువుల ఫ్లెక్సీ కట్టినారు. వాళ్ల చుట్టూ ఉగాదికి కూడా నలుగురు కలవని మా వీధి పిల్లోళ్ల ఫోటోలు, కింద బంగారు అంగడోళ్ల పేరు. బిర్యానీ హోటలాయన పసుప్పచ్చ అంగీ తొడుక్కొని వచ్చినోళ్లకు గుడ్డొకటి ఎక్కువ అని పలక పెట్టినాడు. రమణ కూడా ఊరకుండలే. ఇంటి ముందర గదే మా రెడీమేడ్ అంగడి. చీరల లంగాలు, పిల్లోళ్ల యూనిఫారాలు అమ్ముకునే అంగడిలో మూటలకు మూటలు పసుప్పచ్చ అంగీలు దింపినాడు. ఒకటి నిలువు బొమ్మకు తొడిగి ద్వారం దగ్గర నిలబెట్టినాడు. పోయేవాళ్లు ఆ బొమ్మ పక్కన ఫోటో దిగేవాళ్లు. అవి చవక సరుకు అని, హారికకు ఒకటి మంచిది కావాలని, ఓబులమ్మ యాడనో ఎక్కువ పెట్టి అసలుదో ఏదో తెప్పిచ్చి, కాలరు లోపల అక్షరం కుట్టి మరీ ఇచ్చింది. నేను ఆ పిల్లకు ఆ వారంలోనే రెండు జతల లోపలి బనీన్లు ఇచ్చినా. వాటిని ఎవురికీ చూపియ్యలే అది. ఈ అంగీ వేసుకొని వీధంతా మూడు చుట్లు తిరిగొచ్చింది.

ఆ జట్టు ఓడిపోయింది. అది ఎట్ల ఓడిందో నేను చూడలే. పొద్దన లేచేటప్పటికి పిల్ల దిండులో మొగం పెట్టి ఏడుస్తాంది. ముందటేడు నాకు కడుపులో గడ్డ తీసి వారం దినాలు ఆసుపత్రిలో పెట్టినప్పుడు ఇది వచ్చి, మంచం పక్కన బిస్కెట్లు తిని, “జేజీ, టీవీ లేదా ఈడ?” అనింది. ఎన్నడూ ముఖం చూడని ఎవుడో నల్లటబ్బాయి గోలు తప్పితే వెక్కిళ్లు పెట్టి ఏడుస్తాంది. నాకు కడుపులో మంట లేచిన మాట నిజం. చెప్పుకుంటే సిగ్గు. సముద్రాల అవతలోళ్ల మీద కూడా కుళ్లుకునేదాన్ని నేను.

ఊరు మాత్రం ఏడ్వలే. పొద్దు రెండు బారలెక్కక ముందే నిచ్చెన వేసుకొని వచ్చి ఫ్లెక్సీ కోసినారు. మాపటికి అదే కట్టెలకు ఇంకో దేశం అంగీలవాళ్లు ఎక్కినారు, మా వీధి పిల్లోళ్ల ఫోటోలు మాత్రం అవే. హారిక ఏడ్చి ఏడ్చి, నాయన వెంట పసుప్పచ్చ అంగీతోనే బిర్యానీ హోటలుకు పోతే, “ఆ స్కీము నిన్నటితో అయిపోయింది పాపా” అన్నాడంట హోటలాయన. రమణ నిలువు బొమ్మకు అంగీ ఇప్పి, నీలంది తొడిగి, మిగిలిన పసుప్పచ్చవన్నీ గడప ముందర పట్ట మీద కుప్ప పోసినాడు. పిల్ల వచ్చి ఆ కుప్ప ముందర నిలబడి, “నిన్న దేవుడి మాదిరి నిలబెట్టి ఈ పొద్దు నేలమీద పరిచ్చినావా నాయనా?” అని అడిగింది. రమణ తలకాయ గీక్కొని, “వ్యాపారం తల్లీ” అన్నాడు. ఆ పిల్ల తన అంగీని మాత్రం ఉతికి దండెం మీద ఆరేసింది. మళ్లా నాలుగేండ్లకు గెలుస్తారంట, అంతవరకు దాచుకుంటుందంట.

ఆ దండెం చూస్తే నాకు జమ్మలమడుగు గుర్తొచ్చింది. మా నాయనది గుంట మగ్గం. నడింట్లో నేల తవ్విన గుంటలో కాళ్లు పెట్టి పొద్దస్తమానం నేసేవాడు. తెల్లారితే ఇంటినిండా గంజి వాసన. అమ్మ పెద్ద డేగిసాలో గంజి కాస్తే, వీధి పొడుగునా నిలువు పోగుల పడుగు పరిచి నాయన కుంచెతో దువ్వేవాడు. ఆ గంజి ఎండకు ఆరేటప్పుడు పుల్లగా ఒక వాసన వచ్చేది, ఇప్పటికీ అన్నం అడుగంటితే నాకు మా నాయన గుర్తొస్తాడు. ఆయన నేత మధ్యలో లేచేవాడు కాదు. అగ్గి పడినా సరే, పట్టిన బెత్తెడు పూర్తి చేసే లేచేవాడు. ఇంట్లో నూనె కొలిచి పోసేవాళ్లు, దీపం వత్తి దించేవాళ్లు, ఊరిబిండి పచ్చడికి చెనిక్కాయలు ఎంచి వేసేవాళ్లు. నా పిసినారితనం నేను తెచ్చుకున్నది కాదు, ఆ ఇంట్లో పుట్టినోళ్లకు అది బొడ్డుతాడుతో పాటు వచ్చేది. నాలుగో తరగతిలో ఉండంగానే నన్ను బడి మానిపిచ్చి రాట్నం ముందర కూర్చోబెట్టినారు, కండెలు చుట్టడానికి. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు నూలు చుట్టాల, అదే పని, పొద్దు పొడిచింది మొదలు. “మగ్గానికి ఇంటికొకరు చాలు, చిన్నది చదువుకోనీ” అన్నాడు నాయన. చిన్నదంటే ఓబులు. పలకా సంచీ తగిలిచ్చుకొని నా ముందరనుంచే బడికి పోయేది. ఎగిరే దాని జడ చూస్తా నేను రాట్నం తిప్పేదాన్ని. ఆ రాట్నం అరుపు నా లోపలి అరుపే అని ఎవురికి తెలుసు.

ఓబులుకు ఒక గుణముండేది. పడుగులో పోగు తెగితే నాయన దాన్నే పిలిచేవాడు. దాని వేళ్లు సన్నం. తెగిన పోగును రెండు వేళ్లతో పట్టి, ఎంగిలి తగిలిచ్చి, ముడి వేసిందో లేదో తెలీకుండా అతికేది. నా వేళ్లు కండెలు చుట్టి చుట్టి కాయలు కాచినాయి, ముడి వేస్తే చింతగింజంత వచ్చేది. ఆ సన్నని వేళ్ల సంగతి వీధి చివర సైకిల్ అంగడి ఖాదర్‌కు ఎవురు చెప్పినారో, ఒక పొద్దు వాడు మా వాకిట్లోకి ఫుట్‌బాలు పట్టుకొని వచ్చినాడు. మా ఊరి జట్టుకు ఖాదరే పెద్ద. అప్పటి బాలు ఇప్పటి మాదిరి కాదు. తోలు ముక్కలు కుట్టి, ఒకపక్క జానెడు చీలిక వదిలేవాళ్లు. ఆ చీలికలోంచి రబ్బరు బ్లాడరు లోపలికి దూర్చి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, దాని గొట్టం దారంతో బిగిచ్చి మడిచి లోపలికి తోసి, అప్పుడు తోలు వారుతో చీలికను బూటు లేసు మాదిరి అల్లాల. ఆఖరి ముడి పైకి తేలకూడదు. తేలితే తలకాయతో కొట్టినోడి నొసలు పగలుతుంది.

“పిన్నమ్మా, ఓబులును రవ్వంత పిలువు, బాలు కట్టాల,” అనేవాడు ఖాదర్, గడప బయటే నిలబడి. అమ్మ పిలిచేది. ఓబులు గడపలో కూర్చొని బాలును ఒళ్లో పెట్టుకొని, దబ్బనంతో వారు లాగి, మగ్గం మీద వేసే ముడే వేసి, దాని కొన వేలితో లోపలికి నొక్కేసేది. మీద చెయ్యి పెట్టి నిమిరితే ముడి యాడుందో తెలిసేది కాదు. కట్టినంక తోలు పగలకుండా ఆముదం పూసేది. ఆరుగురు మొగపిల్లోళ్లు వీధిలో నిలబడి దాని చేతులనే చూసేవాళ్లు.  గుళ్లో హారతి తిప్పేటప్పుడు చూసినట్ల చూసేవాళ్లు. ఆ వీధిలో అందరూ కట్టుకొని తిరిగే గుడ్డకు నూలు చుట్టేదాన్ని నేను, నా చేతులను ఎవురూ చూడలే. ఒకసారి ఓబులు బడినుంచి రాలేదని, “నేను కడతా తే” అని తీసుకున్నా. కష్టపడి కట్టినా. ఖాదర్ దాన్ని రెండు చేతుల మధ్య తిప్పి చూసి, “సుబ్బక్క కట్టిన బాలుతో ఆడితే అవతలోళ్లకు కుట్లు పడతాయి, మనకూ పడతాయి,” అన్నాడు. అందరూ నవ్వినారు. వాడు మంచి పిల్లోడు, పరాచికానికే అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ నవ్వు విన్నట్లే ఉంటాది.

వాళ్లకు అంగీలు యాడివి. ప్రొద్దుటూరు జట్టుతో పందెం పడినప్పుడు పదకొండు బనీన్లు పోగేసి, మా అమ్మ గంజి డేగిసాలోనే నీలిమందు కలిపి ముంచి ఆరేసినారు. మా దండెం మీద పదకొండు నీలి బనీన్లు గాలికి ఊగతా ఉంటే వీధంతా వచ్చి చూసింది. ఎవురి బనీను ఏదో కనిపెట్టడానికి ఓబులు ఒక్కో దానికి మెడ వెనక ఒక్కో తీరు పోగు కుట్టింది. “ఓబులు లేకపోతే మా జట్టే లేదు పిన్నమ్మా,” అన్నాడు ఖాదర్ మా అమ్మతో, నా ముందరే. 

ఆ మాపునే నేను మా నాయనతో అన్నా. “ఓబులు కోసం మొగపిల్లోళ్లు వాకిట్లో నిలబడతాండారు నాయనా. వీధిలో అనుకుంటాండారు.” వీధిలో ఎవురూ ఏమీ అనుకోలే. నాయన నాడె ఆపినాడు. బెత్తెడు పూర్తి కాకుండానే గుంటలోనుంచి లేచినాడు, నా ఎరుకలో అదే మొదటిసారి. గడప దగ్గరికి పోయి, “ఇంక రావద్దు అప్పా, మా పిల్ల పెద్దదవుతాంది,” అని ఖాదర్‌తో నెమ్మదిగానే చెప్పినాడు. బాలు రావడం ఒకటే నిలిచిపోతుందనుకున్నా. ఆ వారం దాటకముందే ఓబులు సంచి కూడా మేకుకు ఎక్కింది. బడి మానిపిచ్చి ఇంకో రాట్నం తెచ్చి నా పక్కనే వేసినారు. అంత జరుగుతుందని నేను అనుకోలే. అనుకోలేదని ఇన్నేండ్లుగా నాకు నేనే చెప్పుకుంటా వస్తాండా.

పందెం నాడు ఖాదరే బాలు కట్టుకున్నాడు. ముడి పైకి తేలింది. తలకాయతో కొట్టబోయి నొసలు చీల్చుకున్నాడు, నెత్తురు కారి నీలి బనీను మీద నల్లగా కట్టింది. మా ఊరు ఓడిపోయింది. పెన్న ఒడ్డునుంచి పిల్లోళ్లు తలకాయలు దించుకొని వస్తే, చెమటకు రంగు దిగి ఒళ్లంతా నీలం పూసుకున్న వేషగాళ్ల మాదిరి ఉన్నారు. వీధి ఆడోళ్లు తిట్టలే, ఎగతాళి చేయలే. అమ్మ పసుపు నూరి ఖాదర్ నొసటికి కట్టింది. మర్నాడు వాళ్లు అవే బనీన్లతో సైకిల్ అంగడికీ, చెనిక్కాయల మిల్లుకూ, సేద్యానికీ పోయినారు. ఇంకోటి ఉంటే కదా మార్చుకోను. అవి వెలిసి వెలిసి బూడిద రంగుకు వచ్చి, చినిగి మసిగుడ్డలైనంత వరకూ ఒంటిమీదనే ఉన్నాయి. ఓడిన రంగు అని ఎవురూ ఇప్పెయ్యలే. ఇప్పుడేమో పొద్దన ఫ్లెక్సీ తీసేస్తే మాపటికి ఇంకో దేశం మనదైపోతాంది. ఈ మాట చెప్పి రమణను దెప్పాలని నోటివరకు వచ్చింది. ఆ నోరు నాకు లేకుండా నేనే చేసుకున్నా.

ఎట్లంటే, ఆ జట్టు ఓడిన నాలుగో నాడు మా జిల్లా ఖాజీపేట నుంచి పెండ్లోళ్లు వచ్చినారు. మనం నలుగు అనేదాన్ని ఇప్పుడు హల్దీ అంటాండారు కదా, దానికి అందరూ పసుప్పచ్చ వేసుకోవాలంట. కుప్ప మీద చవకగా ఉండేది చూసి, “అవ్వా, పన్నెండు పెద్దవి కావాల, పన్నెండూ ఉంటేనే తీసుకుంటాం” అన్నారు. రమణ అన్నానికి పోయినాడు. ఎంచితే పదకొండే. నేను పెరట్లోకి పోయినా. దండెం మీద పన్నెండోది ఆరతాంది, పిల్లకు వదులుగా ఉండాలని ఓబులమ్మ పెద్దదే తెప్పిచ్చింది. కాలరు తిప్పి చూసినా. పచ్చదారంతో ‘హ’, ఎంత సన్నగా కుట్టిందో, ముడి యాడుందో ఈ వయసులో కూడా కనపడలే. నాకు పొదుపు మాత్రమే ఉండి ఉంటే ఆ అక్షరంతోనే ఇచ్చేసి ఉందును. నేను రమణ బ్లేడు తెచ్చుకొని, గట్టు మీద కూర్చొని, ఆ దారం పోగు పోగు తెంపి పెరికినా. పెరికి, దులిపి, మడిచి, పదకొండింటి కింద పెట్టి ఇచ్చినా.

మర్నాడు మాపున నేను “కనపడలే” అంటే, అంగీ పోయిందని తెలిసి పులివెందుల నుంచి వచ్చిన ఓబులమ్మ నమ్మలే. పీట లాక్కొని కూర్చుంది. 

“అక్కా, ఒకటి చెప్తా. నాయనతో చెప్పింది నువ్వేనని నాకు ఆ పొద్దే తెలుసు. రాట్నం ఆగింది, నువ్వు లేచిపోయినావు, నాయన నాడె ఆగింది. నేను పెరట్లో డేగిసా తోముతాండా. అంతా ఇనపడింది.”

“ఇన్నేండ్లు ఎందుకు అడగలే మరి?”

“అడిగితే లేదంటావు. లేదన్నంక నువ్వు అక్కవెట్లవుతావు నాకు? ఇద్దరం ఒకే ఇంట్లో రాట్నం తిప్పాల కదా.”

హారిక గది వాకిట్లో నిలబడి ఇంటాంది. నాకు తెలుసు, ఓబులమ్మకూ తెలుసు.

“అప్పుడు నాకు ఈ పిల్ల వయసే,” అనింది ఓబులమ్మ. “నేను బడి మానింది ఫుట్‌బాల్ కోసం కాదు, నీ కడుపుమంట కోసం. ఇప్పుడు దీన్ని కూడా మాన్పిచ్చు. నీకేం కొత్తా?”

“నా దగ్గరుంటే మానుతాదా? నేను బడి మానిపిస్తాండానా దాన్ని? ప్రొద్దుటూరులో బడి లేదా?”

“ప్రొద్దుటూరులో నువ్వుండావు.”

“నీ దగ్గరికి వస్తే నా పిల్ల నీదైపోతాది. అది చెప్పు, నోరు తెరిచి.”

“నీదీ నాదీ ఏందక్కా, అంగడి సరుకా?”

ఆ మాటకు నేను పిల్ల వైపు చూసి, “కనపడింది,” అన్నా. “అక్షరం కనపడింది. బ్లేడుతో ఇప్పి అమ్మినా. కండ్లు బాగనే ఉండాయి నాకు.”

హారిక ఏడుస్తుందనుకున్నా. ఏడ్వలే. “ఓడిపోయినారనా జేజీ?” అని అడిగింది.

“కాదు,” అన్నా. “చిన్నజేజి ఇచ్చిందని.”

ఖాజీపేటకు పోయి తెచ్చుకుందామని రమణ అన్నాడు గాని, నలుగు నీళ్లలో ఆడినంక తెచ్చుకొని ఏం చేసుకుంటావని పిల్లే వద్దనింది. లోపలికి పోయి బడి సంచిలో గుడ్డలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను ఊ అనలే. ఊహూ అని కూడా అనలే. రమణ నా ముఖం చూసినాడు. నేను బియ్యంలో రాళ్లేరుకుంటా కూర్చున్నా.

మర్నాడు పొద్దన్నే పులివెందుల బస్సుకు ముగ్గురం ఎక్కినాం. నన్ను ఎవురూ రమ్మనలే. బడిలో చేర్చేటప్పుడు పిల్లను సాకినదాని చెయ్యి ఉండాల అని చెప్పి నేనే సంచి పట్టుకొని బయలుదేరినా. ఆడోళ్లకు టికెట్టు లేని బస్సు కాబట్టి ఎవురూ నన్ను ఖర్చు అనలేకపోయినారు. ముగ్గురు పట్టే సీట్లో హారిక కిటికీ పక్కన కూర్చుంది. ఓబులమ్మ దాని పక్కన కూర్చోబోతే నేను సంచి అడ్డం పెట్టి ఇద్దరి నడమ కూర్చున్నా. ఓబులమ్మ కొసకు కూర్చుంది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీలు అడ్డం పడి బస్సు శానాసేపు నిలిచిపోయింది. పిల్లకు కునుకు పట్టింది. నేను భుజం వంచి పెట్టినా. అది తలకాయను అటు తిప్పుకొని, కిటికీ ఊచకు ఆనిచ్చి నిద్రపోయింది.